తవుడు చేపలకు, మాత్ర మనకు

పెద్ద తిరుపతికి మొక్కుకున్న మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు గానీ, చిన్న తిరుపతి మొక్కు మాత్రం చిన్న తిరుపతిలోనే తీర్చుకోవాలని మా ద్వారకా తిరుమలలో ఓ నమ్మకం. "ఇక్కడ గుండు చేయించుకుంటే అక్కడ చెల్లుతుందాండీ?" అని అడిగే యాత్రికులకు ఈ మాట చెప్పీ చెప్పీ మా నోళ్ళు అరిగిపోయాయి. ఆ అలవాటు కొద్దీ తిండి విషయంలో కూడా మాకో సిద్ధాంతం తయారైంది. ఆకుకూరకి మొక్కుకుంటే మాత్రతో తీర్చెయ్యొచ్చు. చేపకి మొక్కుకుంటే గొట్టం మాత్రతో సరిపెట్టెయ్యొచ్చు. ఈ సిద్ధాంతం పట్టుకుని ఆరోగ్యంగా బతకడం ఎలాగో కొన్ని సలహాలు చెబుతాను. నాకు డాక్టరీ రాదు. సలహా చెప్పడానికి అదొక అడ్డంకి అని ఈ మధ్య ఎవరూ అనుకోవడం లేదు.

ముందు బియ్యం సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మీ చేలో పండిన స్వర్ణ మీరు తినకండి. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం వాళ్ళు 1982లో విడుదల చేసిన రకం అది, ఎం.టీ.యూ. 7029. దేశంలో ఎన్ని కడుపులు నింపిందో లెక్కలేదు. అది అమ్ముకోవడానికి. తినడానికి సన్నబియ్యం కొనుక్కోవాలి. కొనేముందు గుప్పెట్లోకి తీసుకుని వెలుగులో చూడాలి. గింజ మల్లెమొగ్గలా మెరిస్తే సరే, ఎక్కడైనా ఎర్రజీర కనిపించిందా, "ఇంకో పట్టు పట్టించండి" అనాలి. తాడేపల్లిగూడెం వైపు మిల్లులకు అది చిటికెలో పని. ఊక కింద ఉండే పల్చటి పొర, గింజకి ఓ మూలన మొలకెత్తే ముక్క, ఈ రెండింట్లోనే బీ1 విటమిన్ దాదాపు అంతా ఉంటుంది. పాలిష్ పడితే రెండూ తవుడైపోతాయి. ఇంకా ఎక్కడైనా కాస్త మిగిలిందేమోనని భయంగా ఉంటే మూడు నాలుగు నీళ్ళు పోసి కసాబిసా కడగండి. బీ1 నీళ్ళలో కరిగే సరుకు, కడుగుతో పాటే పోతుంది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే గంజి వార్చెయ్యండి. మా చిన్నప్పుడు కడుగూ గంజీ కుడితి తొట్లో పడేవి, గేదె తాగి నున్నగా మెరిసేది. ఇప్పుడు గేదె లేదు గాబట్టి సింకులో పొయ్యండి.

ఇలా తింటే ఏమవుతుందో తెలుసుకోవడానికి పరదేశాలు పోనక్కర్లేదు. మన తాతముత్తాతలు తినే చూపించారు. బెరిబెరి అని ఓ రోగం. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, ఒళ్ళు నీరు పడుతుంది, ముదిరితే గుండె మీదకి వస్తుంది. మద్రాసు రాజధానిలో ఇది బాగా కనిపించింది ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో. తంజావూరు వాళ్ళూ మూడుపూటలా అన్నమే తిన్నారు, వాళ్ళ జోలికి ఇంతగా రాలేదు. వాళ్ళది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టి ఆరబోసి ఆడిస్తే, ఆ ఉడుకులో పైపొర బలం గింజ లోపలికి దిగుతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. మనకేమో ఉప్పుడు బియ్యం వాసన గిట్టదు. పచ్చిబియ్యం, అదీ తెల్లగా. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. దేశమంతటికీ ఏం తినాలో చెప్పే సంస్థ పుట్టుకలో మన తెల్లన్నం కూడా ఓ చెయ్యి వేసిందన్నమాట. పాపం, ఎక్కడా శిలాఫలకం వేయించుకోలేదు మనం.

అంతకుముందు 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్ళని పెట్టుకుని ఈ రోగం మీదే తంటాలు పడుతున్నాడు. సైనికుల ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వాటికి మేపేవాళ్ళు. కోళ్ళు కాళ్ళీడ్చడం మొదలుపెట్టాయి. ఈలోగా వంటవాడు మారాడు. కొత్తగా వచ్చినవాడు, సైనికుల బియ్యం ఊళ్ళో కోళ్ళకి పెట్టేది లేదని భీష్మించుకున్నాడు. గతిలేక ముతకబియ్యం కొనిపెట్టారు. కోళ్ళు లేచి తిరిగాయి! సూక్ష్మజీవి కోసం వెతుకుతున్న డాక్టరుకి బియ్యం మీద చూపు పడింది అప్పుడే. 1929లో నోబెల్ బహుమతి డాక్టరుకొచ్చింది. వంటవాడికి రాలేదు.

మరి తీసిన తవుడు ఏమవుతుందో చూడాలనుంటే ఓ రోజు తెల్లారగట్ల కొల్లేరు వైపు రండి. భీమడోలు దాటాక మా మావయ్యకి చేపల చెరువుంది. మిల్లులో తీసిన తవుడు ముందు నూనె మిల్లుకి పోతుంది, నూనె పిండేశాక మిగిలిన పొడి తవుడు లారీలెక్కి చెరువు గట్టుకి వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ గోతాల్లో నింపి, అడుగున బొక్కలు పెట్టి, నీళ్ళలో పాతిన వెదురు గెడలకి వేలాడదీస్తారు. పడవ మీద ఒక్కో గెడకీ సంచి కట్టుకుంటూ ముందుకి పోతుంటే వెనకాల నీళ్ళు కుతకుతమంటాయి. శీలావతులూ బొచ్చెలూ మూతులు ఆనించి లాగుతుంటే, దూడ కుమ్మిన పొదుగులా సంచి ఊగుతూనే ఉంటుంది. బీ విటమిన్లు నూనెలో కరిగేవి కావు. నూనె తీసినా చాలావరకు ఆ పొడిలోనే ఉండిపోయి, ఇదిగో, వాటి నోట్లో పడుతున్నాయి.

సంచులు కట్టడం అయ్యాక మావయ్య గట్టు మీద చతికిలబడి, చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీశాడు.

"ఏంటి మావయ్యా అది?"

"బీకాంప్లెక్సురా అల్లుడూ. కాళ్ళు ఒకటే తిమ్మిర్లు. రోజుకోటి వేసుకోమన్నాడు మెడికల్ షాపాయన."

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"తిమ్మిరికి డాక్టరేంట్రా!"

మాత్ర మింగి ఖాళీ అట్ట చెరువులోకి విసిరాడు. చేపలు దాని దరిదాపులకి రాలేదు. వాటికేం ఖర్మ.

తిమ్మిర్లు షుగరు వల్ల కావచ్చు, బీ12 తగ్గి కావచ్చు, తాగుడు వల్ల కావచ్చు, రక్తం తీయించి చూస్తే తేలిపోతుంది. కానీ ఇది పనికొచ్చే మాట గాబట్టి మన సలహాల్లో చేర్చడం లేదు.

రేషన్ బియ్యం వచ్చిన రోజున చాటలో పోసుకుని, కళ్ళజోడు పెట్టుకుని కూర్చోండి. నూటికో గింజ తేడాగా, కాస్త పాలిపోయి, మరీ అచ్చులో పోసినట్టు కనిపిస్తుంది. నీళ్ళలో వేస్తే తేలుతుంది కూడా. ఇంకేం సాక్ష్యం కావాలి? ప్లాస్టిక్! వీడియో తీసి చుట్టాలందరికీ పంపించండి. అది బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజ ఆకారంలో ఒత్తిందని, వంద కేజీలకి కేజీ లెక్కన కలుపుతారని, కేజీ బియ్యానికి ఇనుము కనీసం 28 మిల్లీగ్రాములు వచ్చేట్టు చూస్తారని రేషన్ డీలరు చెప్పబోతాడు. చెప్పనివ్వకండి. ప్రధానమంత్రి 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి చెప్పారు గదా అంటాడు. ఎర్రకోట మీంచి గింజ కనబడుతుందా అనండి.

పాలిష్ పట్టి తీసేసినవేమిటో, గింజలో పెట్టి తిరిగి కలుపుతున్నవేమిటో అడిగే తిక్కమనిషి ఊరికొకడు ఉంటాడు. వాణ్ణి రచ్చబండ దగ్గర కూర్చోనివ్వకండి. తవుడు తీయడానికి ఒక మిల్లు, గింజ ఒత్తడానికి ఇంకో మిల్లు, రెండింటికీ పని దొరికింది కదా.

అన్నట్టు ఆ ఫోలిక్ యాసిడ్ సంగతి. మా పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే రోగంతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం లేక చిక్కి శల్యమయ్యే రోగమది. ఆయనకీ వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో గట్టెక్కాడు. ఆ తర్వాత అమెరికా వెళ్ళాడు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది. స్ప్రూకి అది మందయింది. గోదావరి గట్టు మీంచి బయల్దేరిన దుఃఖం సముద్రాలు దాటి, మందై, గింజలో దూరి, రేషన్ సంచిలో ఇంటికి తిరిగొస్తే మనం దాన్ని చాటలోంచి ఏరి కోళ్ళకి వేస్తున్నాం. జావా కోళ్ళు వింటే ఎంత సంతోషించేవో.

ఆ కథలో ఇంకో మెలిక ఉంది. మంచిదైతే ఎక్కువ వేసుకుంటే ఇంకా మంచిదే కదా? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు కూడా ల్యుకేమియా పిల్లలకి మొదట ఫోలిక్ జాతి మందులే ఇచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా పుంజుకున్నట్టు కనిపించింది. అప్పుడు సుబ్బారావుగారి బృందం ఫోలిక్ యాసిడ్‌కి ఎదురు తిరిగే పదార్థాలు చేసిచ్చింది. వాటితో కొందరు పిల్లల్లో రోగం కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇప్పుడు కీళ్ళవాతానికి కూడా వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఒకే విటమిన్, ఒకచోట అది లేక ప్రాణం పోతుంది, ఇంకోచోట దాన్ని అడ్డుకుంటేనే ప్రాణం నిలబడుతుంది. ఇలాంటివి వింటే బుర్ర పాడవుతుంది. సీసా మీద "రోగనిరోధక శక్తికి" అని రాసి ఉందా లేదా, అంతవరకే చూసుకోండి.

మాత్రలన్నిట్లో గట్టి రుజువున్నవి కొన్ని ఉన్నాయి. వాటి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. బ్రిటన్, హంగరీ వగైరా ఏడు దేశాల్లో జరిగిన ఓ పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. వెన్నుపాము సరిగ్గా మూసుకోని బిడ్డ ఒకసారి పుట్టిన తల్లులకి, మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం 72 శాతం తగ్గింది. బిడ్డ కడుపున పడిన నాలుగు వారాల్లోపే అక్కడ మూసుకోవడం అయిపోతుంది, తల్లికి సంగతి తెలిసేసరికి సగం గడువు దాటుతుంది. అందుకే పెళ్ళయినవాళ్ళని ముందునుంచే వేసుకోమంటారు. మీరు మాత్రం ఆరోనెలలో గుర్తుచేసుకోండి. ఆ తర్వాత ఆశా కార్యకర్త గడప దగ్గరికి తెచ్చి చేతిలో పెట్టే ఎర్ర మాత్ర, 60 మిల్లీగ్రాముల ఇనుమున్నది, బీరువా వెనక్కి విసిరెయ్యండి. కారణాలు కావాలా? ఊరికే ఇస్తున్నారు. విరేచనం నల్లగా అవుతుంది. పైగా పిల్లాడు నల్లగా పుడతాడని పక్కింటి పెద్దమ్మగారు చెప్పారు. పదిహేను వందలు పెట్టి ఏలూరులో ఇంకో సీసా కొనుక్కుని, టీలో ముంచిన బిస్కెట్టు తింటూ మింగండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పట్టిస్తుంది. ఏలూరు మార్కెట్లో నిమ్మకాయలకి కొదవలేదు గానీ వాటిని లారీల కింద తొక్కించడానికి ఉంచండి.

ఇక మా ఊరి చుట్టూ ఉన్న తోటల కథ. ద్వారకా తిరుమల నుంచి పెదవేగి దాకా ఎటు చూసినా పామాయిల్ చెట్లే, పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధనకి జాతీయ సంస్థ కూడా ఉంది. గెలలు తీసుకెళ్ళే ట్రాక్టరు వెనకాల బండి నడిపితే ఆ పళ్ళ రంగు చూస్తారు, పసుపూ కుంకుమా కలిపినట్టుంటుంది. ఆ రంగు బీటా కెరోటిన్. ఒంట్లో విటమిన్ ఏ అయ్యేది అదే. పిండిన నూనె కూడా ఎర్రగానే ఉంటుంది. వంటింట్లోకి ఎర్రనూనె రానిస్తే అప్రదిష్ట గనక, ఫ్యాక్టరీలో రంగు విరిచి, వాసన తీసి, నీళ్ళలా చేస్తారు. కెరోటిన్ అక్కడే పోతుంది. ఆ తర్వాత అదే ప్యాకెట్టులోకి విటమిన్ ఏ, డీ కలిపి, నీలం రంగులో ప్లస్ ఎఫ్ గుర్తు వేసి అమ్ముతారు. ఆ గుర్తు చూసి కొనుక్కోవడం మంచిదే, నిజంగానే. కానీ తీసిందీ పెట్టిందీ ఒకటేనని గ్రహించిన రోజున మా ఆవిడ ప్యాకెట్టు వంక చాలాసేపు చూసింది. బియ్యం కథ నూనెలో కూడా ఉందన్న మాట అని పైకి అనలేదు.

తోటకూర, మునగాకు, గుమ్మడి ఇవన్నీ తినలేనివాళ్ళ కోసం బీటా కెరోటిన్‌ని మాత్రలోకే ఎక్కించేశారు. కూరగాయలు ఎక్కువ తినేవాళ్ళకి క్యాన్సర్లు తక్కువని లెక్కల్లో కనబడింది, దాంతో అందరికీ ఆశ పుట్టింది. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29,133 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు పంచి, కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏదో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. ఎవరి నమ్మకమూ లెక్కలో దూరకుండా అదో కట్టుబాటు. 1994లో లెక్క తేల్చారు. కెరోటిన్ వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. తగ్గడం కాదు, పెరిగింది. అమెరికాలో 18,314 మందితో జరుగుతున్న ఇంకో పరీక్షలో ఈ పెరుగుదల 28 శాతం దాకా కనబడితే 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. ఎంచేతంటే, క్యారెట్టు తినేవాడు క్యారెట్టు ఒక్కటే తినడు. దానితోపాటు పీచు, ఇంకా పేరు పెట్టని సవాలక్ష పదార్థాలూ తింటాడు. ఆ పూట బజ్జీలు తినడు. బహుశా చుట్ట కూడా కాల్చడు. ఇవన్నీ కలిసి చేసిన పని ఒక్క రంగుకి అంటగట్టి, ఆ రంగుని కూరలో మామూలుగా రాని మోతాదులో మింగించారు.

జంగారెడ్డిగూడెం వైపు వర్జీనియా పొగాకు పండుతుంది. అక్కడ పొగతాగే మిత్రులకి నా ప్రత్యేక సలహా, సిగరెట్టు మానకండి, కెరోటిన్ వేసుకోండి. తోటకూర మొక్కు చిన్న తిరుపతి మొక్కు లాంటిదేమో, మరోచోట తీరదేమో అని నాకోసారి అనుమానం వచ్చింది. అనుమానం ఒంటికి మంచిది కాదు, వదిలేశాను.

చేపలు. కొల్లేటి చేపని ఐసు పెట్టెల్లో సర్ది కలకత్తాకీ అస్సాంకీ పంపించెయ్యండి. మీరు చేపనూనె గొట్టాలు కొనుక్కోండి. ఈ సలహాకి మాత్రం నా దగ్గర శాస్త్రీయమైన దన్ను ఉంది. అమెరికాలో 25,871 మందిని తీసుకుని, సగం మందికి అయిదేళ్ళకి పైగా రోజుకో గ్రాము ఒమేగా-3 ఇచ్చి 2018లో ఫలితం చెప్పారు. మొత్తం మీద పెద్ద గుండెజబ్బులూ క్యాన్సర్లూ తగ్గలేదు. కానీ విడదీసి చూస్తే, చేపలు తక్కువ తినేవాళ్ళలో గుండెకి కాస్త మేలు జరిగిన జాడ కనిపించింది. కాబట్టి గొట్టం పనిచెయ్యాలంటే ముందు మీరు చేపలు మానెయ్యాలి. ఇంత తిరుగులేని తర్కం నేను ఇంకెక్కడా చూడలేదు.

ప్రోటీన్ పొడి డబ్బాల గురించి ఎక్కువ చెప్పను. మన దేశంలో అమ్మే 36 రకాలు పరీక్షిస్తే 25 డబ్బాల్లో పైన రాసిన ప్రోటీనుకీ లోపలున్నదానికీ పొంతన లేదని 2024లో తేల్చారు. అదే ఏడాది మే నెలలో తార్నాక సంస్థ కూడా కండలు పెంచడానికి ఈ పొడులొద్దని ఆహార సూచికల్లో రాసింది. కందిపప్పూ కోడిగుడ్డూ ఉన్నాయి గదా అంటుంది. గుడ్డు మీద కండల వీరుడి బొమ్మ ఉంటుందా?

బలం కావాలంటే మన జిల్లాల్లో ఇంతకంటే పాత దారి ఉంది. గాడిద మాంసం. నడుంనొప్పి పోతుందని, ఆయాసం తగ్గుతుందని, మగసిరి పెరుగుతుందని పశ్చిమ గోదావరి నుంచి ప్రకాశం దాకా చాటుమాటుగా కొనేవాళ్ళున్నారు. ఆహార భద్రతా చట్టం కింద గాడిద తినే జంతువుల జాబితాలో లేదు. పైన చెప్పిన పనులు చేస్తుందని చీటీ వేసి పరీక్షించినవాళ్ళూ లేరు. అందులోనే ఉంది దాని గొప్పతనం, పరీక్షకి కూర్చోనివాడు ఎప్పుడూ ఫెయిలవడు. 2012 నుంచి 2019 లోపు దేశంలో గాడిదలు 61 శాతం తగ్గిపోయి లక్షా ఇరవై వేలకి దిగాయి. ఇటుక బట్టీల్లో పని తగ్గింది, ట్రాలీ ఆటోలొచ్చాయి, దొంగతనంగా కోసేవాళ్ళూ ఉన్నారు. సరుకు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగేకొద్దీ మహిమ పెరుగుతుంది. తిన్నాక కూడా నడుంనొప్పి తగ్గకపోతే అది మంచి గాడిద కాదన్నమాట.

ఈ సలహాలన్నీ నేను పాటించినవే. మా ఇంట్లో దేవుడి పటం పక్కన అలమరలో ఏడు సీసాలున్నాయి. మూడింటికి గడువు దాటిపోయింది. మొన్న మావయ్య గుడికొచ్చి దర్శనం చేసుకుని మా ఇంట్లో భోంచేశాడు. ఏలూరులో రక్తం తీయించుకున్నాడట, తిమ్మిర్లు షుగరువేనని తేలిందట. బీకాంప్లెక్సు అట్ట మా అలమరలో పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు ఏడున్నర.

తాడేపల్లిగూడెం, నిడదవోలు దరిదాపుల్లో ఒక్క పట్టుతో ఆపేసి బియ్యం ఆడించే మిల్లు ఎవరికైనా తెలిస్తే కబురు చెయ్యండి. ఓ పాతిక కేజీల బస్తా కావాలి. మిల్లాయన ఎందుకని అడిగితే చేపలకని చెబుతాను.